దారం అవతలి చెయ్యి

వాడు దారం కావాలనే వదిలాడా, చెయ్యి జారిందా? ఈ ఒక్క ప్రశ్నతో నేను ఏళ్ళ తరబడి కాపురం చేశాను. పొద్దున్నే దేవుడి పటం ముందు కూర్చుంటే అదీ వచ్చి పక్కన కూర్చునేది. దేవుణ్ణే అడిగి ఉండొచ్చు. అడగలేదు. కావాలనే వదిలాడని తేలితే నేను వాణ్ణి క్షమించాలి. చెయ్యి జారిందని తేలితే వాడు నన్ను క్షమించాలి. రెండూ కష్టమైన పనులే. అడక్కుండా ఉండటం వాటికన్నా తేలిక.

ముందు భాగాలు చదవకుండా ఇవాళే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నేను మేజిక్ చేసేవాణ్ణి. కార్డులూ రుమాళ్ళూ అందరూ చేస్తారు. నాకు కూడు పెట్టిన ఆట గాలిలో నిలబడే బంతి. ఆ బంతికి కట్టిన నల్లదారాన్ని పక్క తెర వెనక నిలబడి నడిపించినవాడు మా ఆవిడ తమ్ముడు. కంపెనీలో అందరూ వాణ్ణి సాలీడు అనేవాళ్ళు. బయటివాళ్ళ ముందు అలా పిలిస్తే గుట్టు బయటపడుతుందని నేను తిట్టేవాణ్ణి. ఒకసారి నిండు హాల్లో ఆ బంతి పడింది. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. మధ్యన మా ఆవిడ నలిగింది. పోయినేడు ఆవిడా పోయింది. ఇప్పుడు ఆ పాత హాలు మేనేజరే మళ్ళీ షో చెయ్యమన్నాడు. "మాస్టారూ, కుందేళ్ళూ పావురాలూ ఎవరిక్కావాలండీ. బంతి ఉంటే రండి, లేకపోతే మానెయ్యండి," అన్నాడు. నేను బావమరిదికి ఫోన్ చేసి, "రేపు షో, బంతి ఆట," అని మాత్రం అనగలిగాను. వాడు "ఊఁ" అని పెట్టేశాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం, నేను ఖాళీ స్టేజీ మీద నిచ్చెనెక్కి దూలానికి రింగు బిగిస్తుంటే, హాలు వెనక తలుపు తెరుచుకుంది.

షోని ఒక్క రోజు వాయిదా వేశారని వాడికి చెప్పడం కూడా నేను మర్చిపోయాను. నా కంగారు అలా ఉంది. అదీ ఒకందుకు మంచిదే అయింది.

తలుపు దగ్గర వెలుతురు, హాలంతా చీకటి. వచ్చినవాడు కుర్చీల మధ్యన నడుచుకుంటూ వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. చేతిలో చిన్న గుడ్డసంచి. స్టేజీ కింద ఆగి తలెత్తి నన్ను చూశాడు. నిచ్చెన మీద నా అవతారం వాడికి ఎలా కనిపించిందో గానీ, మొదటి మాట ఇదీ:

"ఇంటి నుంచి ఒక బంతి తెచ్చుకున్నావుగా బావా, ఇంకోటెందుకు?"

నా పొట్ట చూసి అన్నాడు. ఇన్నేళ్ళ తరవాత వాడు నాతో అన్న మొదటి మాట అది. నవ్వాలో ఏడవాలో తెలియక, "నిచ్చెన పట్టుకో, పడితే రెండూ పగుల్తాయి," అన్నాను.

వచ్చి పట్టుకున్నాడు.

కిందికి దిగాను. "తిన్నావా?" అన్నాను. "తిన్నాను," అన్నాడు. "బస్సు దొరికిందా?" అన్నాను. "దొరక్కపోతే ఎలా వచ్చాను?" అన్నాడు. అదీ నిజమే. షో ఇవాళ కాదు రేపని చెప్తే, "నయమే. ఒక పూట మిగిలింది," అన్నాడు. దేనికి మిగిలిందో చెప్పలేదు. సంచిలోంచి దారం రీలు తీశాడు. నేను కొత్త దారం కొనిపెట్టానని చెప్తే, నా దారాన్ని రెండు వేళ్ళ మధ్య లాగి చూసి, "ఇది లైటు పడితే మెరుస్తుంది," అని పక్కన పెట్టేశాడు. అంటే ఈ పని వాడు మానలేదన్నమాట. ఎవరికి పట్టాడో అడగడానికి నోరు రాలేదు.

ఆట ఎలా నడుస్తుందో ఇక్కడ కొంచెం చెప్పాలి. చెప్తే నష్టం లేదు, ఇప్పుడు ఈ ఆట ఆడేవాళ్ళూ లేరు. బంతి కొబ్బరికాయంత ఉంటుంది, లోపల డొల్ల, బరువు లేదు. దానికి కట్టిన దారం పైన రింగులోంచి దూరి, పక్క తెర వెనక మనిషి చేతిలోకి వస్తుంది. నేను స్టేజీ మధ్య నిలబడి మాటలు చెప్తూ చేతులు ఆడిస్తాను. జనం అనుకునేది, నా చేతులు బంతికి ఏదో చేస్తున్నాయని. నిజానికి నా చేతులు మాట్లాడేది తెర వెనకవాడితో. కుడి అరచెయ్యి పైకి తిప్పితే ఎత్తు. వేళ్ళు ముడిస్తే ఆపు. రెండు చేతులూ దగ్గరికొచ్చి కలిస్తే ఆట అయిపోయింది, దించెయ్. తెర వెనకవాడికి నేను పెట్టిన నియమం ఒక్కటే: బంతిని చూడకూడదు, చేతుల్ని చూడాలి. బంతిని చూశాడో వాడూ జనంలో ఒకడైపోతాడు, లాగడం మర్చిపోతాడు.

"పాత హాలే," అన్నాడు వాడు చుట్టూ చూసి. "ఆ కళ్ళద్దాలాయన కూర్చున్న కుర్చీ ఏదీ?"

మా ఇద్దరికీ ఆ సాయంత్రం ఎదురుగా వచ్చి నిలబడింది. బంతి స్టేజీ అంచు దాకా ఊగి వెళ్ళి జనం తలల మీదకి పైకి లేచింది. హాలు ఊపిరి బిగపట్టింది. ఉన్నట్టుండి బంతి జారి కింద పడింది. ఎగిరి మొదటి వరసలో ఒక కళ్ళద్దాలాయన ఒళ్ళోకి దూకింది. ఆయన దాన్ని తిప్పితిప్పి చూశాడు, దారం దొరికింది. గాలానికి పడ్డ చేపని చూపించినట్టు దాన్ని పైకెత్తి పక్కవాళ్ళకి చూపించాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తెర దించాక నేను బావమరిదితో, "వదిలేశావు కదరా," అన్నాను. అప్పట్లో వేరే కంపెనీవాళ్ళు వాణ్ణి పిలుస్తున్నారని విన్నాను. వాడు ఏమీ అనలేదు. దారం మొత్తం రీలుకి చుట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తప్పు లేనివాడు అలా నోరు మూసుకుని పోతాడా అని నేను అనుకున్నాను.

ఇప్పుడు ఆ మాట అడక్కపోతే ఇక అడగలేను. "నాకొకటి చెప్పు," అన్నాను. "ఆ రోజు ఎందుకు వదిలావు?"

వాడు రీలు మీంచి కళ్ళెత్తాడు. "నేను వదల్లేదు బావా. నువ్వు దించమన్నావు, దించాను."

"నేను దించమన్నానా? జనం తలల మీద బంతి ఉంటే?"

"అదే నేనూ అనుకున్నాను. ఇప్పుడు దించమంటాడేంటీ అని. కానీ నీ నియమం కదా, బంతిని చూడకు, చేతులు చూడు అని. చేతులు చూశాను."

"అబద్ధం చెప్పకు. మీ అక్క ఉంటే నీ ముఖం మీదే అడిగేది."

"అక్క అడిగింది," అన్నాడు నెమ్మదిగా. "ఇదే చెప్పాను. బావనే అడుగు, ఆయనకి తెలుసు అన్నాను. అడగనంది. మీ ఇద్దరి మధ్యన దారం నేనే అయిపోయాను, ఎవరు గట్టిగా లాగినా తెగేది నేనేరా అంది."

ఈ మాట ఆవిడ నాతోనూ అంది. వాడితో కూడా అందని నాకు తెలియదు. ఆవిడ మాటని ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి, ఆవిడ పోయాక. ఇంట్లో ఆవిడ గొంతుని గుర్తుపెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ ఉన్నాను. గంజి కాచుకునే గిన్నె చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేని ఇల్లు అది.

అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. రేపటి షో పోతే పోయింది. మేనేజరు తిడితే తిట్టాడు. వీడు ఇవాళ ఈ తలుపులోంచి కోపంగా వెళ్ళిపోతే మాత్రం, నన్ను బావా అని పిలిచే మనిషి ఇక ఈ భూమ్మీద ఉండడు.

అయినా నోరు ఊరుకోదు. "నేను దించమన్లేదు," అన్నాను మళ్ళీ.

"సరే, అన్లేదు," అన్నాడు. "ఆట మొదలెట్టు. రేపటికి ఎలాగూ చూసుకోవాలి. ఆ రోజు చేసినట్టే చెయ్యి."

దారం బిగించి పక్క తెర వెనక్కి వెళ్ళిపోయాడు. తెరలో చిన్న చీలిక ఉంది, అందులోంచి వాడు నా చేతులు చూస్తాడు, వాడి కన్ను నాకు కనపడదు. నేను స్టేజీ మధ్యకి వచ్చాను. జనం లేరు, వరసలు వరసలుగా ఖాళీ కుర్చీలు. మాటలు చెప్పబోతే గొంతు హాల్లో తిరిగి నా దగ్గరికే వచ్చింది. మానేసి, ఊరికే కుడి అరచెయ్యి పైకి తిప్పాను.

బంతి కదిలింది.

వాడి పనితనం ఒకటుంది. బంతిని సూటిగా ఎత్తడు. లేవబోయే ముందు అది ఒక్క క్షణం సందేహిస్తుంది. లేవనా వద్దా అన్నట్టు కొంచెం ఒణుకుతుంది. ఆ ఒణుకే దానికి ప్రాణం పోస్తుంది. వాడు వెళ్ళిపోయాక నేను ఎంతమందికి నేర్పించాలని చూశానో, ఒక్కడికీ రాలేదు. ఎవరు లాగినా అది దారానికి కట్టిన బంతే.

బంతి నా మోచేతి దాకా లేచింది, భుజం దాటింది. వేళ్ళు ముడిచాను, ఆగింది. అరచెయ్యి తిప్పాను, నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినట్టు తిరిగి ముందుకి ఊగింది. చెయ్యి మళ్ళీ పైకి. బంతి కుర్చీల మీదకి వెళ్ళింది, పైకి లేచింది, ఇంకా పైకి. పైనున్న ఒకే ఒక్క లైటు దాని మీద పడింది. తెల్లగా, ఎవరికీ చెందనట్టు, ఏ ఆసరా లేకుండా అక్కడ నిలబడింది.

ఇక కిందికి రావడం మొదలుపెట్టింది. ముందు నెమ్మదిగా, తరవాత తిన్నగా, ముందు వరస కుర్చీల్లో ఒకదాని మీద తప్పుమని పడింది.

"మళ్ళీ వదిలావు," అన్నాను గట్టిగా. "చూడు, మళ్ళీ అదే చోట వదిలావు."

తెర కదల్లేదు. లోపలినుంచి వాడి గొంతు మాత్రం వచ్చింది.

"చేతులు చూసుకో బావా."

చూసుకున్నాను.

నా రెండు చేతులూ గుండెల దగ్గర జోడించి ఉన్నాయి. వేళ్ళకి వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుంటే మిగతా ప్రార్థన పూర్తయ్యేటట్టు. పొద్దున దేవుడి ముందు ఎలా ఉంటాయో అలాగే. అవి ఎప్పుడు కలిశాయో నాకు తెలియదు. ఎవరో వచ్చి కలిపినా నాకు ఇంతే తెలిసేది.

వాటిని విడదీయడానికి కాస్త సమయం పట్టింది.

వాడు తెర వెనకనుంచి వచ్చి స్టేజీ అంచున కూర్చున్నాడు, కాళ్ళు వేలాడేసి. నేనూ కూర్చున్నాను. కింద కుర్చీలో బంతి టికెట్టు కొనుక్కున్న మనిషిలా కూర్చుని ఉంది.

"దణ్ణం పెట్టావు," అన్నాడు. "ఆ రోజూ ఇంతే. నీకు తెలిసే చేశావనుకున్నాను. వేరే కంపెనీవాళ్ళు పిలుస్తున్నారుగా, వీణ్ణి దొంగని చేసి పంపించేద్దామని నువ్వే కావాలని దించావనుకున్నాను. తెర దించాక నువ్వు, వదిలేశావు కదరా అనేసరికి, నాకు అదే ఖాయమైపోయింది."

"ఎందుకు చేస్తానురా అలా? ఎవడైనా తన కొంప తను కూల్చుకుంటాడా?"

"కోపంలో ఉన్నవాడికి అంత లెక్క తోస్తుందా? నీకు తోచిందా?"

తోచలేదు.

"మరి ఇప్పుడెలా తెలిసింది, నాకు తెలియదని?"

వాడు కుర్చీల వైపే చూస్తూ ఉన్నాడు. "అక్క పోయిన రోజు వచ్చాను కదా. గుమ్మం దాటలేదు. నువ్వు అక్క పక్కన నిలబడి ఉన్నావు. ఎవరో గ్లాసుతో నీళ్ళు తెచ్చి నీకు ఇవ్వబోయారు. తీసుకోండి అన్నారు. నువ్వు ఆ గ్లాసుని చూస్తున్నావు, చేతులు మాత్రం జోడించే ఉన్నాయి. తీసుకోండి బాబూ అన్నారు మళ్ళీ. నీకు అర్థం కావట్లేదు, చేతులెందుకు రావట్లేదో. చివరికి ఆయనే గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడు తెలిసింది నాకు. నీ చేతులు నీకు చెప్పి కలవవని."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"అక్క అక్కడ పడుకుని ఉంటే, బంతి గురించి మాట్లాడమంటావా?"

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, శాస్త్రాలు తెలియవు. కానీ ఒక మాట నాకు అప్పట్నుంచీ తొలుస్తోంది, చదివేవాళ్ళలో తెలిసినవాళ్ళుంటే చెప్పండి. దారం కట్టింది నేను. గుట్టు తెలిసినవాణ్ణి నేను. లోకంలో ఆ బంతిని నమ్మకూడని మనిషి ఎవరైనా ఉంటే అది నేనే. ఆ నేనే దాన్ని చూసి చేతులు జోడించాను. ఆ దణ్ణం ఎవరికి చేరింది? డొల్ల బంతికా? నా గొప్పకా? పొద్దున నేను పటం ముందు పెట్టే దణ్ణాల కన్నా అది నిజమైనదేమో అని కూడా అనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని నేను పెట్టలేదు. అలా అనుకోవడం తప్పయితే పైవాడే దిద్దుతాడు.

"దారం ఎవరికి పట్టావు ఇన్నాళ్ళూ?" అని అడిగాను చివరికి.

"ఎవరికీ పట్టలేదు. నువ్వు అన్న ఆ కంపెనీకి నేను వెళ్ళనేలేదు. ఇంట్లో పట్టుకుంటాను, ఊరికే. వంటింటి దూలానికి రింగు వేశాను. ఒకవైపు ఉల్లిపాయ కట్టి లాగుతుంటాను. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూసి, పాపం అనుకుంటారు."

నాకు నవ్వు వచ్చింది, వాడికీ వచ్చింది. ఇద్దరం నవ్వుతుంటే ఖాళీ హాలు కూడా కొంచెం నవ్వినట్టయింది. కాసేపటికి ఆగిపోయింది. వాడి ఇంట్లోనూ గిన్నె చప్పుడే ఉంటుందని, అంతవరకూ నాకెప్పుడూ తట్టలేదు.

"రేపు పడతావా దారం?" అన్నాను. అడిగేటప్పుడు వాడి ముఖం చూడలేకపోయాను.

"ముందు నాకు రావలసింది ఒకటుంది నీ దగ్గర."

"ఏంటది?"

"మర్చిపోయావా? నేను బంతిని చూడలేదు బావా. ఒక్కసారి కూడా. ఊళ్ళన్నీ చూశాయి, నేను తప్ప. ఒక్కసారి ముందు కూర్చుని చూస్తానని అడిగితే, వచ్చే నెల అన్నావు. ప్రతిసారీ వచ్చే నెలే. నువ్వు పెద్దవాడివి, గట్టిగా అడిగితే బాగుండదని ఊరుకున్నాను."

నాకు గుర్తొచ్చింది. ఆ మాట నేను ఎంత తేలిగ్గా అనేవాణ్ణో కూడా గుర్తొచ్చింది, దగ్గు వచ్చినప్పుడు దగ్గినంత తేలిగ్గా.

"రేపు చూస్తావా మరి? దారం ఎవరు పడతారు?"

"రేపెందుకు? ఈ పూట ఉందిగా. ఇప్పుడు చూపించు. చూశాక చెప్తాను, రేపు పడతానో, ఇంటికి పోతానో."

స్టేజీ దిగి, బంతిని తీసుకొచ్చి నా చేతికిచ్చి, వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నాడు. మొదటి వరసలో కాదు. వెనక్కి, చాలా వెనక్కి, చౌక టికెట్ల వరసలోకి వెళ్ళాడు. చీకట్లో వాడు ఏ కుర్చీలో ఉన్నాడో కూడా నాకు కనపడలేదు.

బంతిని స్టేజీ మధ్యన పెట్టి పక్క తెర వెనక్కి నడిచాను. ఇన్నేళ్ళ మేజిక్‌లో నేను నిలబడని చోటు అది ఒక్కటే. ఇరుకు. దుమ్ము వాసన. గోడకి భుజం రాసుకున్న చోట సున్నం నున్నగా అరిగి ఉంది. అది వాడి భుజమే అయి ఉంటుంది. దారం వేలికి చుట్టుకుని చీలికలోంచి చూశాను. స్టేజీ మీద మనిషి లేడు. చూడ్డానికి చేతులు లేవు. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

లాగాను. బంతి కప్పలా ఎగిరింది. దించాను. మళ్ళీ, ఈసారి ఊపిరి పట్టి, వేలిని కొంచెమే కదిపాను. ఒణికింది. వాడి ఒణుకు కాదు, నా చేతి ఒణుకు, ముసలి ఒణుకు. అయినా బంతికి ఆ తేడా తెలియలేదు. లేవనా వద్దా అని కాస్త ఆలోచించి, అది లేచింది. మనిషి లేని స్టేజీ మీద ఒంటరిగా పైకి, ఇంకా పైకి, లైటు దాకా.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. పడుకున్నాడేమో అనుకున్నాను.

తరవాత చీకట్లోంచి వాడి గొంతు వచ్చింది, ఎవరితోనో కాదు, తనలో తను అనుకున్నట్టు. "ఇదా," అన్నాడు. ఇంకాసేపటికి, "ఇన్నాళ్ళూ నేను చేసింది ఇదా," అన్నాడు.

నేను వాడికి బాకీ పెట్టిన వచ్చే నెలలన్నీ ఆ ఒక్క మాటతో చెల్లిపోయాయి. అప్పు తీర్చినవాడికి గుండె తేలికవుతుందంటారు. నాకు మాత్రం చెయ్యి బరువైంది.

మడత కుర్చీ ఒకటి తప్పుమని మూసుకుంది. లేచాడు. అడుగులు మొదలయ్యాయి. స్టేజీ మీదికి రావాలంటే కుర్చీల మధ్య ఈ వైపుకి నడవాలి, వీధిలోకి పోవాలంటే ఆ వైపుకి. తెర వెనక నిలబడ్డవాడికి అడుగులు వినిపిస్తాయి గానీ, ఎటు నడుస్తున్నాయో తెలియదు. తొంగి చూడాలంటే దారం వదలాలి.

అడుగులు ఆగాయి. ఏదో తలుపు కిర్రుమంది, హాలు వెనకదో, స్టేజీ పక్కదో. చుట్టుకున్న దారం వేలిని కోస్తోంది. బంతి ఇంకా పైనే ఉంది.